గేజీ పుస్తకం

ఓష్ నుంచి తిరిగొచ్చిన మూడోనాడు
మా నాయన ఉరుకుందప్ప, దిగువ కాలువ మీద లష్కరు,
గట్టు మీద కూచోబెట్టి అడిగినాడు:
"ఇంతకీ యాల కొట్టుకున్నారు పాపా వాళ్ళు?"

నాలుగో ఏడాది వైద్యం చదివేదాన్ని.
ఎముక యాడ విరిగిందో వేలు పెట్టి చూపగలను.
ఊరు యాడ విరిగిందో చెప్పమంటే
నోరు పెగల్లేదు.

భాషలు వేరు నాయనా, అన్నాను.
ఉజ్బెకులు, కిర్గిజులు.
బీడీ గట్టుకు రుద్ది నవ్వినాడు:
"మీయమ్మది సిరుగుప్ప. పెండ్లైన కొత్తల్లో
ఉప్పడిగితే నీళ్ళు తెచ్చిచ్చేది.
భాష వేరైతే కూట్లో ఉప్పు తక్కువైతాది గానీ
తలకాయ పగలదు. ఇంకేమన్నా చెప్పు."

గీత, అన్నాను. ఎప్పుడో మాస్కోలో ఎవరో గీసినారంట.
తోట ఒక దేశంలో, తోటకు పారే నీళ్ళు ఇంకో దేశంలో.
ఒకే సర్కారున్నన్నాళ్ళు అది కాగితం మీదే ఉండె.
సర్కారు పోయినాక గీతకు తుపాకులు మొలిచినాయి.

ఈసారి నవ్వలేదు.
హాలహర్వి దిక్కు చూసినాడు.

పత్తి మిల్లు మూతపడింది, అన్నాను.
ఉమ్మడి సేద్యం పంచిననాడు
చైర్మనుకు దగ్గరోళ్ళకు కాలువ పక్క చేను,
మిగిలినోళ్ళకు రాళ్ళు.
పిల్లోళ్ళు రష్యాకు ఇటుకలు మోసేకి పోయినారు.
ఉత్తరాదోళ్ళు మా కుర్చీ తిన్నారని దక్షిణాదోళ్ళు.
ఆ దక్షిణాదిలోనే మళ్ళా
అంగడంతా వాళ్ళదేనని వీళ్ళు, ఆఫీసంతా వీళ్ళదేనని వాళ్ళు.

"కుర్చీ అంటే మా తాత మతికొస్తాడు.
కర్నూలు రాజధాని అయిననాడు గుడారాలకు మేకులు కొట్టినాడు.
మూడేండ్లకు పీకేకి గూడా ఆయన్నే పిలిచినారు.
కొట్టిన కూలి ఇచ్చినారు, పీకిన కూలి ఇయ్యలే.
ఒకటిన్నర రూపాయి.
బాకీ చిన్నదే పాపా.
ఇంట్లో మూడు తరాలు చెప్పుకునేదే పెద్దది."

అప్పుడు గుల్నారా అక్క సంగతి చెప్పినాను.
నేను అద్దెకున్న ఇల్లు ఆమెది.
ఆ జూన్ రాత్రి, నీళ్ళలో విషం కలిపినారని ఒక పుకారు,
హాస్టల్లో ఆడపిల్లల్ని చెరిచినారని ఒక పుకారు.
ఆ హాస్టల్లో మా క్లాసు పిల్లలుండిరి.
ఎవరికీ ఏమీ కాలేదు.
ఏమీ కాలేదన్న మాట మాత్రం వీధి దాటలేదు.

పక్కింటి ఐజాదా సుద్దముక్కతో
అక్క గేటు మీద 'కిర్గిజ్' అని రాసింది.
అబద్ధం రాసిన గేటు నిలిచింది.
ఏమీ రాయని గేట్లు కాలినాయి.
మర్నాడు గుల్నారా అక్క తడిగుడ్డతో ఆ అక్షరాలు తుడిచింది.
అంతే, ఐజాదాతో మళ్ళా మాట్లాడలేదు.
కాపాడిన మనిషితో ఏం మాట్లాడాలో
తెలియలేదనుకుంటా.

నాయన చాలాసేపు కాలువనే చూసినాడు.
తర్వాత గేజీ పుస్తకం తెరిచి, పెన్సిలు నాలిక్కి తడిపి
రాసుకున్నాడు, పైకి చదువుతా:
సాయంత్రం ఆరు. రెండడుగుల నాలుగంగుళాలు.
పొద్దుటి కంటే ఐదంగుళాలు తక్కువ.
"నీళ్ళు తగ్గేది ఎవురికీ కనపడదు పాపా.
తగ్గినాక
ఎవురో ఒకరు కనపడతారు."

నడిరాత్రి పై దిక్కున మోటరు శబ్దం.
నాయన టార్చి తీసుకున్నాడు.
అమ్మ మంచం మీద లేచి కూచుని అంది:
"బిడ్రి, నమ్మణ్ణంది అదు."
మా మేనమామ మోటరు.
దాని చప్పుడు అమ్మకు తెలుసు.

నాయన మామూలుగా అమ్మకు కన్నడంలోనే బదులిస్తాడు.
ఆ రాత్రి గడపలో నిలబడి
తెలుగులో అన్నాడు:
"మీవోళ్ళు."

అమ్మ దీపం ఆర్పలేదు.
చెప్పుల చప్పుడు గట్టు మీద
కొంతదూరం వినపడింది.